ఊషరము, చౌడు: తోటమట్టిపై వర్ణవికారముల పరీక్ష

ఉపోద్ఘాతము

ఊషరశబ్దమును మనము పాఠశాలలో బాల్యముననే చదువుదుము. అమరకోశమున భూమివర్గమును వల్లించునపుడు ఆ పదము నోటికి వచ్చును. మనుస్మృతి ద్వితీయాధ్యాయమున, అర్హత లేనిచోట విద్యను ప్రతిపాదించుట ఊషరమున మంచి విత్తనము చల్లుట వంటిదని చదువుదుము. తరువాత ఎన్నో సభలలో ఆ దృష్టాంతమును మనమే వాడుదుము. అయితే ఆ ఊషరము మన కంటియెదుట నున్నపుడు దానిని గుర్తింపగలమా? నేను గుర్తింపలేకపోతిని. ఈ వ్యాసమునకు ఆ లోపమే కారణము.

నిజామాబాదు పట్టణమున మా యింటి పెరటిలో ఒక తులసికోట కలదు. కొన్ని సంవత్సరముల క్రిందట వరుసగా రెండు వేసవులు కోటలోని మొక్క ఎండిపోయెను. మొదట ఆకుల అంచులు మాడెను. పిదప కొమ్మలు వాడెను. మట్టిమీద, కోట అంచున, తెల్లని పొడి తేలెను. ఇది అశౌచదోషమని నేనే అంటిని. ఆ మాట ఎవరి నుద్దేశించినదో ఇంటివారందరకు తెలిసినది. మా కోడలు ఏమియు అనలేదు. కాని ఆనాటినుండి కోట దరికి పోవుట మానెను. నేను పైగా శుద్ధి కొఱకని ఆ మట్టిలో కొంత సున్నము, కొంత హోమభస్మము కలిపితిని. మూడవసారి నాటిన మొక్క పక్షము దినములు కూడ నిలువలేదు.

ఆ దినములలో బోధను ప్రాంతమున చెఱకు పండించిన వృద్ధుడైన రైతు ఒకడు ముహూర్తము కొఱకు మా యింటికి వచ్చెను. కోట దగ్గర నిలిచి, ఆ తెల్లపొడిని బొటనవ్రేలితో నలిపి చూచి, “అయ్యగారూ, ఇది సౌడు. బోరునీళ్ళు వోస్తున్నరా?” అని అడిగెను. ఏబది యేండ్లు ఊషరశబ్దమునకు వ్యుత్పత్తి చెప్పినవాడను నేను. వస్తువును చూపినవా డాతడు. ఆ మట్టిని పరీక్షకు పంపగా ఉదజని సూచిక 9 దాటినదని తేలెను.

మట్టిపై కనబడు రంగు ఒక లింగము మాత్రమే. ఆ ఒక్క లింగముతో నిర్ణయము చేసినచో ప్రమాదము తప్పదు. ఏ రంగునకు ఏయే కారణములు ఉండగలవో, వానిని వేరుపరచు విశేషలక్షణము లేవియో, మన శాస్త్రములును నేటి మృత్తికాశాస్త్రమును తోడుగా ఇచట వివరింతును.

శబ్దవిచారము

అమరసింహుడు ఊషశబ్దమునకు క్షారమృత్తిక అని అర్థము చెప్పెను. పాణిని ఐదవ అధ్యాయము ద్వితీయపాదమున, మత్వర్థప్రకరణమున, ఊష మొదలగు నాలుగు శబ్దములపై ‘ర’ ప్రత్యయమును విధించెను. కావున ఊషము గలది ఊషరము. ఊషము వేరు, అది చేరిన నేల వేరు అను వివేకము ఈ వ్యుత్పత్తిలోనే కలదు. నేలకు ఊషరత్వము స్వభావము కాదు, చేరిక వలన కలిగినది. చేరినది తొలగుటకు అవకాశము కలదు. ఈ మాట చికిత్సాభాగమున మరల అవసరమగును.

ఊషమనగా క్షారమా, లవణమా? చరకసంహిత విమానస్థానము ప్రథమాధ్యాయమున లవణమును మితిమీరి సేవింపరాదని చెప్పు సందర్భమున, మిక్కిలి ఊషరములైన ప్రదేశములలో ఓషధులు, తీగెలు, వృక్షములు మొలవవనియు, మొలచినను అల్పతేజస్సు గలవై యుండుననియు, లవణముచే దెబ్బతినుటయే దానికి హేతువనియు చెప్పబడినది. ఇచట ఊషరహేతువు లవణము. మనుస్మృతి పంచమాధ్యాయమున ద్రవ్యశుద్ధిప్రకరణములో పట్టువస్త్రములకు, ఉన్నివస్త్రములకు ఊషముతో శుద్ధి చెప్పబడినది. తినెడి ఉప్పు మురికిని విడదీయదు; సోడాక్షారము విడదీయును. మన రజకులు చౌడుమన్ను తెచ్చి బట్టలు ఉడికించినది ఈ గుణము చేతనే. కావున ఇచట ఊషము క్షారము.

ఒకే సంస్కృతశబ్దము రెండు వస్తువులను చెప్పుచున్నదని దీనివలన నేను ఊహించుచున్నాను. తెలుగు రైతు ఈ రెంటిని వేరుగా పిలిచినాడు. తెల్లగా తేలునది పాలచౌడు, నల్లగా తేలునది కారుచౌడు. నేటి శాస్త్రమును ఇదే విభాగమును అంగీకరించినది. నేలసారపు విద్యుద్వాహకత మీటరుకు 4 డెసీసీమెన్సులు మించి, ఉదజని సూచిక 8.5 లోపల నున్నది పాలచౌడు. ఉదజని సూచిక 8.5 మించి, వినిమయ సోడియము 15 శాతము దాటినది కారుచౌడు. రెండు లక్షణములును కలిసిన నేలలు కూడ కలవు. మా కోటలోని మట్టి అట్టిదే. తెలుపు పైకి కనబడెను, క్షారము లోపల దాగెను.

ఇంకొక విషయము గమనింపదగినది. తైత్తిరీయబ్రాహ్మణము ప్రథమాష్టకమున అగ్న్యాధాన సంభారములలో ఇసుక, పుట్టమన్ను మొదలగు వానితోపాటు ఊషములును పఠింపబడినవి. వేదము అగ్నిస్థానమున వేయుమని విధించిన మన్ను మన పెరటిలో తేలినంత మాత్రమున అశుభసూచక మెట్లగును? ఈ ప్రశ్న ఆనాడు నాకు తోచకపోవుట నా చదువు యొక్క లోపము.

ఈ ప్రాంతమున చౌడు పుట్టు విధము

మంజీరానదిపై నిజాంసాగరు నిర్మాణము 1923లో ఆరంభమై 1931లో ముగిసెను. నవాబు అలీ నవాజ్ జంగ్ బహదూరు ఆ నిర్మాణమునకు సూత్రధారియైన ఇంజనీరు. ఆ జలాశయ మిప్పుడు 2016లో ఏర్పడిన కామారెడ్డి జిల్లాలో నున్నది. కాలువనీరు వచ్చిన పిదప బోధను పరిసరములలో చెఱకు, వరి విస్తరించెను. 1937లో నిజాము చక్కెర కర్మాగారము స్థాపింపబడి, బోధనులో శక్కర్‌నగరమను పేట వెలసెను. ఆ కర్మాగారము 2015లో మూతపడినది.

నీరు వచ్చినచోట సిరి వచ్చెను. దానివెంట ఒక క్లేశమును వచ్చినది. మంజీరా పరిసరముల నల్లరేగడి జిగటమన్ను. అందులో నీరు త్వరగా దిగదు. కాలువలనుండి ఊరిన నీరు, పొలములకు మితిమీరి పెట్టిన నీరు లోపల నిలిచి, భూగర్భజలమట్టమును పైకి తెచ్చును. ప్రమిదలోని నూనె వత్తిగుండ పైకి ఎక్కునట్లు, లోపలి నీరు మట్టిరంధ్రముల గుండ పైకి ఎక్కును. ఎండకు నీరు ఆవిరియగును. దానిలో కరగియున్న లవణము ఆవిరి కాలేక నేలపై నిలుచును. కావుననే చౌడు మాఘము మొదలు వైశాఖము వరకు స్పష్టముగా కనబడి, తొలకరి వానలకు మాయమగును. అట్లు మాయమైనది పోయినదని భ్రమపడరాదు. లోపలికి దిగినదని గ్రహింపవలెను.

పట్టణపు తోటలలో కాలువ లేదు. కాని బోరుబావి కలదు. ఇచటి రాతినేలలలోని బోరునీటిలో బైకార్బొనేటులు ఎక్కువగా నుండుట కలదు. అట్టి నీటిని దినదినము కొంచెము కొంచెముగా పోసినచో నీరు పోవును, క్షారము మిగులును. అడుగున రంధ్రము లేని తులసికోటలో, పూలకుండీలో ఈ క్రియ పొలముకంటె శీఘ్రముగా జరుగును. మా కోటకు అడుగున రంధ్రము లేదు.

తెల్లని పొరకు గల కారణములు

తెలుపును చూచి చౌడని నిర్ణయించుటయు దోషమే. కాలిన ఇనుపగుండులో నిప్పు కలదు, పొగ లేదు. నిప్పును చూచి పొగను అనుమానించినవాడు అచట పొరబడును. అట్లే తెలుపు చౌడునకు అనైకాంతిక హేతువు. తోటలో తెలుపునకు నాలుగు కారణములు తరచుగా కనబడును.

మొదటిది లవణము. ఇది పొడిగా, మెత్తగా, ఒక్కొక్కప్పుడు మెఱయుచు ఉండును. మడిలో గట్లపైనను, ఎత్తైన పెళ్ళలపైనను, కుండీ అంచులందును ముందుగా తేలును. ఆవిరి అచటనే ఎక్కువ. చిటికెడు తీసి వాననీటిలో వేసిన కరగిపోవును.

రెండవది సున్నము. కోటకు కొట్టిన వెల్ల రాలినను, ముగ్గుపిండి పడినను, కఠినజలము ఆరినను ఇది ఏర్పడును. పొరగా, గీకిన పెచ్చుగా లేచును. నీటిలో కరగదు. దానిపై నిమ్మరసము పిండిన బుసబుసమని నురుగు వచ్చును. ముగ్గు బియ్యపుపిండియైనచో నురుగు రాదు, చీమలు వచ్చును.

మూడవది బూజు. ఇది నీడలో, తడిలో, కుళ్ళుచున్న ఆకులపై పుట్టును. దగ్గరగా చూచిన దూదిపోగులవలె దారములు కనబడును. నలిపినచో పొడి కాదు, అణగిపోవును. పుట్టగొడుగు వాసన వచ్చును. ఇది చచ్చిన పదార్థమును ఎరువుగా మార్చు ప్రాణి. మొక్కకు హాని చేయదు.

నాలుగవది మొదలుకుళ్ళు తెగులు. ఇదియు తెల్లని దారములే; కాని మట్టిమీద ఊరక పరచుకొనక కాండము మొదటిని చుట్టుకొనును. దారముల నడుమ ఆవగింజలవంటి గుండ్రని గింజలు, మొదట తెల్లగా, పిదప గోధుమవర్ణముగా కనబడును. స్క్లెరోషియం రోల్ఫ్సియై అను శిలీంధ్రము దీనికి కారణము. మూడవదానిని చూచి ఊరకుండవచ్చును. దీనిని చూచి ఊరకుండరాదు. సోకిన మొక్కను, చుట్టునున్న మట్టితో సహా, తీసివేయవలెను.

నలుపు, ఎఱుపు, ఆకుపచ్చ, పసుపు

నలుపు మూడు విధములు. నల్లరేగడికి నలుపు సహజము. అది త్రవ్వినకొలది లోపలను ఉండును. కారుచౌడు నలుపు ఉపరితలమున మాత్రమే, నూనె పూసినట్లు నిగనిగలాడును. సోడియము కార్బొనేటు మట్టిలోని జీవపదార్థమును కరగించి పైకి తెచ్చుటచే ఆ నలుపు కలుగును. అచట నీరు పోసిన ఇంకక నిలుచును. తడిసిన అడుగు జారును. ఎండిన పలుగునకును లొంగదు. మూడవది బూడిద, మసి. చెఱకుపిప్పి కాల్చిన బాయిలరు బూడిద, చెఱకురసపు మడ్డి ఎరువుగా వేసిన మడులలో నల్లని, ముదురు గోధుమవర్ణపు పొరలు కనబడుట సహజము. పచ్చిమడ్డిపై తెల్లని బూజు లేచుటయు కలదు. అది చౌడు కాదు. మడ్డిని బాగుగా మాగనిచ్చి వేయవలెను.

ఎఱుపు విషయమున ముందుగా నేలజాతి తెలియవలెను. చల్కనేలకు ఎఱుపు ఇనుపధాతువు చేత సహజము. నీరు నిలిచిన చోట మాత్రము క్రొత్తగా తుప్పురంగు పొర తేలును. గాలి అందనపుడు ఇనుము కరగి, పైకి వచ్చి గాలి తగిలి తుప్పుగా మారుటయే దీనికి కారణము. ఒక్కొక్కప్పుడు నీటిపై నూనెతెట్టువలె రంగులు కనబడును. పుల్లతో కదిపిన, పెచ్చులుగా పగిలి అట్లే యుండిన అది ఇనుపపొర. మరల కలిసికొనిన అది నూనె. ఆ మట్టిని జానెడు లోతు త్రవ్విన బూడిదవర్ణము, దానిలో తుప్పుచారలు కనబడినచో మురుగు నిలుచుచున్నదని నిశ్చయము.

ఆకుపచ్చ పాచి. ఇది ఎండిన నల్లని పెచ్చులగును, తడిసిన మరల పచ్చబడును. తనంతట హాని చేయదు. నీరెక్కువ, నీడయెక్కువ అని చెప్పును. నీలహరిత శైవలములచే ఊషరభూములను బాగుచేయవచ్చునని కాశీ హిందూ విశ్వవిద్యాలయమునకు చెందిన ఆర్.ఎన్. సింగు 1950లో ప్రతిపాదించెను. కావున పాచిని చూచినంతనే గీకివేయుట తొందరపాటు.

పసుపువర్ణపు ముద్ద యొకటి వానాకాలమున ఆకుచెత్తపై రాత్రికి రాత్రి లేచును. నురుగు గట్టిన పిండివలె నుండును. దీనిని చూచి చేతబడియని భయపడువారు కలరు. ఇది జిగురుబూజు, రెండుమూడు దినములలో ఎండి గోధుమవర్ణపు పొడియగును. మొక్కకు గాని మనుష్యునకు గాని దీనివలన భయము లేదు. అంతగా ఇష్టము లేనిచో పారతో తీసి పారవేయవచ్చును.

పరీక్షావిధానము

సురపాలుని వృక్షాయుర్వేదమున నేలను వర్ణముచేతను, రసముచేతను విభజించినారు. ఈ గ్రంథమును నళినీ సాధలేగారి ఆంగ్లానువాదముతో సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషను 1996లో ప్రకటించినది. వర్ణము ఒక్కటియే చాలదని, రసమును కూడ చేర్చిన ఆ దృష్టి మిక్కిలి యోగ్యమైనది. అయితే నేడు పట్టణపు మట్టిని నాలుకపై వేసికొనుట మంచిది కాదు. ఏ మురుగు, ఏ మందు కలిసినదో తెలియదు. ఆ రసపరీక్షకు బదులు మన యింటనే వేరొక సాధనము కలదు.

నిజామాబాదు పసుపునకు ప్రసిద్ధమైన సీమ. పసుపులో సున్నము కలిపిన ఎఱ్ఱనగునని, దిష్టి తీయు ఎఱ్ఱనీళ్ళు అట్లే చేయుదురని ప్రతి ఇల్లాలికి తెలియును. క్షారము తగిలిన పసుపు ఎఱుపెక్కును. కావున శుభ్రమైన తెల్లగుడ్డపేలికను పసుపునీటిలో ముంచి నీడలో ఆరబెట్టవలెను. పరీక్షింపవలసిన మట్టి ఒక పాలు, వాననీరు రెండు పాళ్ళు గాజుపాత్రలో కలిపి, తేరిన పిదప పైనీటిలో ఆ పేలికను ముంచవలెను. స్పష్టముగా ఎఱుపెక్కిన కారుచౌడని అనుమానింపవలెను. రంగు మారక, తెల్లపొడి మాత్రము నీటిలో కరగినచో పాలచౌడని ఊహింపవలెను. బోరునీటితో ఈ పరీక్ష చేయరాదు. ఆ నీరే పసుపును ఎఱ్ఱచేయవచ్చును. మట్టిలో వెల్లసున్నము కలిసినను ఎఱుపు వచ్చును గనుక, సున్నము తగులని లోపలి మట్టినే తీసికొనవలెను.

ఇది ఇంటి పరీక్ష, తుదినిర్ణయము కాదు. మట్టిని, పోయునీటిని రెంటిని ప్రయోగశాలకు పంపవలెను. నీటిలో అవశిష్ట సోడియము కార్బొనేటు లీటరుకు 2.5 మిల్లీ ఈక్వివలెంట్లు మించినచో ఆ నీరు మొక్కలకు తగదు.

చికిత్స

నిదానము తప్పిన చికిత్స విషమించును. పాలచౌడునకు మంచినీరే మందు. మడి చుట్టు మురుగుకాలువ తీసి, మంచినీరు నిండుగా పెట్టి, లవణమును క్రిందికి దింపి బయటకు పంపవలెను. దారి చూపక నీరు మాత్రము పెట్టినచో జలమట్టము పెరిగి చౌడు రెట్టించును.

కారుచౌడునకు నీరొక్కటియే చాలదు. మట్టికణములను అంటిన సోడియమును కాల్షియముతో తొలగింపవలెను. దానికి జిప్సము వేసి, మట్టిలో కలిపి, పిదప నీరు పెట్టవలెను. పరిమాణము ప్రయోగశాల చెప్పినట్లు వేయవలెను. జీలుగ, జనుము పెంచి పూతకు ముందు దున్నుటయు మేలు చేయును. సున్నపుపొడి కారుచౌడులో కరగదు. కాల్చిన సున్నము, బూడిద క్షారమును మఱింత పెంచును. నేను శుద్ధియని చేసినది ఈ రెండవ పని. మూడవ మొక్కను చంపినది నా చేయియే.

కోటలకు, కుండీలకు ఉపాయము సులభము. పాతమట్టిని తీసివేసి, అడుగున రంధ్రము చేసి, క్రొత్తమట్టి, పశువులపెంట ఎరువు నింపి, వాననీటిని గాని, లవణము తక్కువైన నీటిని గాని పోయవలెను.

ఉపసంహారము

పరీక్షాఫలితము వచ్చిన సాయంకాలము నేను మా కోడలిని పిలిచి, “అమ్మా, దోషము నీటిలో కలదు, నీలో లేదు. ఆ మాట అన్నందుకు నన్ను క్షమింపుము” అంటిని. ఆమె కొంతసేపు ఊరకుండి, “అయితే మామయ్యగారూ, కోట అడుగున రంధ్రము పెట్టించండి” అనెను. మఱునాడే పెట్టించితిని. ఇప్పుడు మేడమీది వాననీరు ఒక తొట్టిలో పట్టి ఆ మొక్కకు పోయుచున్నాము. ఆ పని ఆమెదే.

అధ్యాపకులైన వారికి ఒక విన్నపము. మన కళాశాలల ఆవరణలలో తోటలు కలవు. ఊషరశబ్దమును బోధించునాడు విద్యార్థులను తోటలోనికి తీసికొనిపోయి, ఒక పసుపుపేలిక, ఒక గాజుపాత్ర వారి చేతికి ఇచ్చినచో అమరకోశపు అర్థము ఎన్నటికిని మరవరు. మనువు చెప్పిన దృష్టాంతమును అప్పగింపునకు మాత్రమే వాడక, వ్యుత్పత్తితో కలిపి మరల ఆలోచింపవలెను. ఊషరత్వము చేరినది, తొలగింపదగినది అని శాస్త్రము చెప్పుచుండగా, విద్య మొలవని శిష్యుని చూచి అపాత్రుడని త్రోసివేయుటకు ముందు, మనము పోయుచున్న నీటిని కూడ ఒకమారు పరీక్షించుకొనుట ధర్మము.